పన్నెండు కాజాలు

కోట్లు కుట్టే ఆ దుకాణంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కాజాలక్క, అంతే. అసలు పేరు బ్యాంకు పుస్తకంలోనూ ఆసుపత్రి చీటీల మీదా ఉంది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే పక్కవాళ్ల వైపు చూస్తుంది, వాళ్లనే పిలిచారేమోనని.

పద్దెనిమిదేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే. కత్తిరింపూ కుట్టూ అయిపోయిన కోటు ఒళ్లోకి వచ్చాక, గుండీ దూరేంత చీలిక కోసి, మైనం పూసిన దారంతో దాని అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ రావాలి. మిషను మీద కాజా నిమిషంలో అవుతుంది. చేత్తో అయితే పావుగంట. కోటుకు ముందు వైపు మూడు, కాలరు మడతకు ఒకటి, ఒక్కో చేతికి నాలుగు, మొత్తం పన్నెండు కాజాలు. చేతి కాజాలే కావాలని పట్టుబట్టే పెద్దమనుషులు ఊళ్లో ఇంకా మిగిలి ఉన్నారు కాబట్టి ఆమె ఉద్యోగమూ మిగిలి ఉంది.

ఆమె పీట పక్కనే కటింగ్ బల్ల. బల్ల కింద ఆమె కూతురు. ఆ పిల్లకూ దుకాణమే పేరు పెట్టింది, గుండీ అని. పదమూడేళ్లు. మాటలు కొన్నే. అవి కూడా ఎవరైనా అడిగితే, అదీ అడగవలసినవాళ్లు అడిగితే. పొద్దున్నుంచీ రేకు డబ్బాలోని గుండీలు నేల మీద పోసుకుని, రెండు కన్నాలవి ఒకవైపు, నాలుగు కన్నాలవి ఒకవైపు వేరుచేస్తుంది. అయిపోగానే అన్నీ కలిపేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ పని దానికెవరూ నేర్పలేదు. ఎప్పుడూ తప్పు పోలేదు.

"ఈ కొట్లో పని మీద ధ్యాస ఉన్నది దీనికొక్కదానికే," అనేవాడు కటింగ్ మాస్టరు, టేపు మెడలో వేసుకుని. "మిగతావాళ్లందరికీ గడియారం మీదే."

గుండీని రెండు బళ్లలో చేర్పించి చూశారు. మామూలు బడివాళ్లు, ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉంటుంది కదమ్మా అన్నారు. ఆ వేరే బడివాళ్లు, మాటలు వచ్చినవాళ్లనే తీసుకుంటామండీ అన్నారు. మాటలు నేర్పే డాక్టరు వారానికి ఒక్కరోజు వస్తాడు, ఆ ఒక్కరోజుకు ఎనిమిది నెలల ముందు పేరు రాయించుకోవాలి. అత్తగారు బతికున్నన్నాళ్లూ పిల్లను ఇంట్లో కనిపెట్టుకుని ఉంది. ఆవిడ పోయాక బల్ల కిందికి మకాం మారింది. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. పిల్లను ఇంజను పక్కన కూర్చోబెట్టుకుని బస్సు నడపలేడు కదా.

బల్ల కింద అయిదేళ్లు బాగానే గడిచాయి. కానీ పిల్లలు ఎదుగుతారు. బల్ల ఎదగదు. మొదట పాదాలు బయటికి వచ్చాయి, తర్వాత మోకాళ్లు. ఒకరోజు ఇస్త్రీ అబ్బాయి వేడివేడి పెట్టె పట్టుకుని వస్తూ ఆ కాళ్లు తట్టుకుని తూలాడు. పెట్టె వెళ్లి బల్ల అంచుకు గుద్దుకుంది. పిల్ల తలకూ ఆ అంచుకూ మధ్య జానెడు దూరం.

"నా పై ప్రాణాలు పైనే పోయాయి అక్కా," అన్నాడు ఆ అబ్బాయి నేల మీద కూలబడి. గుండీ మాత్రం తలెత్తలేదు. కిందపడ్డ నాలుగు కన్నాల గుండీని తీసి దాని వైపు పెట్టింది.

ఆ సాయంత్రం మాస్టరు గొంతు తగ్గించి మాట్లాడాడు. గొంతు తగ్గించాడంటేనే ఆమెకు సంగతి అర్థమైంది.

"అమ్మా, నేను పంపించేయమని అనడం లేదు. యజమాని చూశాడనుకో, నిన్నూ పిల్లనూ కలిపి పంపించేస్తాడు. ఈ నెలాఖరు దాకా ఎలాగోలా లాగిద్దాం."

"అలాగే మాస్టారూ."

"ఆ పగటి కేంద్రం సంగతి ఏమైంది? మూడేళ్ల కిందట పేరిచ్చావుగా?"

ఏమీ కాలేదు. ఇలాంటి పిల్లలను పగటిపూట చూసుకునే ఆ కేంద్రంలో ఇరవై మందికే చోటుంది. పొద్దున తొమ్మిదికి తీసుకుంటారు, సాయంత్రం అయిదింటికి అప్పజెబుతారు. ఉన్న ఇరవై మందిలో ఒకరు ఖాళీ చేస్తే తప్ప బయటివాళ్లకు పిలుపు రాదు. అక్కడి పిల్లలు ఎందుకు ఖాళీ చేస్తారో ఆమె ఎప్పుడూ అడగలేదు.

వింతగా, వారం తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. ఒక చోటు ఖాళీ అయింది, నెలాఖరులోగా కొత్త సర్టిఫికెట్టుతో రావాలి, లోపం అరవై శాతానికి తగ్గకూడదు అని. గుండీకి ఎనిమిదేళ్లప్పుడు ఇచ్చిన పాత సర్టిఫికెట్టులో అరవై ఎనిమిది ఉంది, కానీ దాని గడువు తీరిపోయింది. ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయించాలి. బుధవారాల్లోనే చేస్తారు. నెలలో ఇంకా మూడు బుధవారాలున్నాయి.

ఎనిమిదేళ్లప్పటి ఆ పరీక్షను కాజాలక్క మర్చిపోలేదు. ఆకుపచ్చ పెట్టెలోంచి బొమ్మల అట్టలు తీసి, ఒకాయన పన్నెండు ప్రశ్నలు అడిగాడు. ఈ రంగేమిటి? ఇవి ఎన్ని? దాహమేస్తే ఏం తాగుతావు? ఒక్కదానికీ పిల్ల నోరు విప్పలేదు. తలుపు గొళ్లెం ఆడిస్తూ నిలబడింది. ఆయన ప్రతి ప్రశ్నకూ కాగితం మీద అడ్డగీత కొట్టాడు. ఆ అడ్డగీతల చప్పుడుకు తల్లి తల వంచుకుంది, తనే ఏదో ఎగ్గొట్టి వచ్చినట్టు.

మర్నాటి నుంచి ఆమె పాఠం మొదలుపెట్టింది. పన్నెండు ప్రశ్నలూ వరసగా గుర్తున్నాయి. కోటుకు పన్నెండు కాజాలు. మొదటి కాజా చివరి ముడి బిగించి దారం పళ్లతో తెంపగానే, "గుండీ, ఈ రంగేమిటి?" అని ఎర్ర దారపు ఉండ చూపించేది. "ఎరుపు" అని తనే చెప్పేది. రెండో కాజా తెంపాక, "ఇవి ఎన్ని?" "మూడు." దాహమేస్తే నీళ్లు. వాన పడితే గొడుగు. చివరి కాజా దగ్గర, "దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి వెళ్తావు?" "అమ్మ దగ్గరికి." రోజుకు మూడు కోట్లు, అంటే మూడుసార్లు. మొదటి మాట పిల్ల నోట రావడానికి ఏడు నెలలు పట్టింది. పన్నెండూ రావడానికి నాలుగేళ్లు. ఆఖరి మాట వచ్చిన రోజు మాస్టరు అందరికీ టీ తెప్పించాడు.

మొదటి బుధవారం భర్త నడిపే బస్సులోనే ఆసుపత్రికి వెళ్లారు. ముందు సీట్లో కూర్చుంటే ఆయన అద్దంలోంచి వీళ్లను చూసుకోవచ్చు. స్టీరింగు ముందు ఆయన మాట్లాడడు. స్టీరింగు లేని చోటా పెద్దగా మాట్లాడడు. దిగేటప్పుడు అద్దంలోనే తలూపాడు.

చీటీ దగ్గర ఒక వరస, చీటీ మీద ముద్రకు ఇంకో వరస, గది బయట మూడోది. మూడో వరసలో ఒకావిడ ఎదిగిన కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. కొడుకు ఆవిడకంటే పొడుగు. కాళ్లు నేలకు ఈడ్చుకుంటున్నాయి.

"ఎన్నోసారి?" అని అడిగింది ఆవిడ.

"రెండోసారి వదినా."

"నాకు అయిదు. ఈ బెంచీ కూడా నన్ను గుర్తుపడుతుంది, లోపలివాళ్లే గుర్తుపట్టరు."

లోపల కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ ఉంది. బయట నలభై మంది ఉన్నారని ఆమెకు తెలుసు. మధ్యలో తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇంకా తెలుస్తోంది. అదే ఆకుపచ్చ పెట్టె. అవే అట్టలు, అంచులు చిరిగాయంతే. కాజాలక్క కూతురి పక్కన కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఖాళీగా ఉన్నా ఆ చేతులు ఊరుకోవు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి లేని సూదిని లాగుతూనే ఉంటాయి. ఆమె ఆ సంగతి ఎరగదు.

"ఈ రంగేమిటమ్మా?"

"ఎరుపు," అంది గుండీ.

"ఇవి ఎన్ని?"

"మూడు."

డాక్టరమ్మ కళ్లెత్తి చూసింది. మూడోదీ, నాలుగోదీ, అయిదోదీ తడుముకోకుండా చెప్పింది పిల్ల. పన్నెండోది, "అమ్మ దగ్గరికి," అనేసరికి కాజాలక్క చప్పట్లు కొట్టింది. ఆమె జీవితంలో ఆసుపత్రిలో చప్పట్లు కొట్టడం అదే మొదలు. డాక్టరమ్మా నవ్వింది.

"చాలా బాగా నేర్పారండీ. మిగతా అట్టలు అక్కర్లేదులెండి."

ఆ క్షణంలో పగటి కేంద్రం గానీ, నెలాఖరు గానీ, జానెడు దూరంలో ఆగిన ఇస్త్రీ పెట్టె గానీ ఆమెకు గుర్తు రాలేదు. గంట తర్వాత కిటికీలోంచి గుమాస్తా కాగితం ఇచ్చాడు.

"నలభై రెండు."

"అరవై ఎనిమిది కదండీ?"

"అది అప్పుడమ్మా. ఇప్పుడు మీ పాప బాగుపడింది. సంతోషించక మొహం అలా పెట్టారేంటి?"

"నలభై రెండుకి కేంద్రంలో తీసుకోరు కదండీ."

"తీసుకోరు. మరి వాళ్లెవరో తీసుకోలేదని నేను అంకె మార్చలేను కదా. మళ్లీ చూడమని అర్జీ పెట్టుకోండి, పెద్ద డాక్టరుగారు చూస్తారు. నెలలో చివరి బుధవారం. తర్వాతెవరండీ?"

పొడుగు కొడుకు తల్లి అర్జీ ఎలా రాయాలో చెప్పింది. తర్వాత చెవి దగ్గరికి వచ్చి ఇంకో సంగతి కూడా చెప్పింది. "ముందు రోజు నిద్రపోనివ్వకు. పొద్దున ఏమీ పెట్టకు. ఆకలి మీదుంటే అదే గొడవ చేస్తుంది, నువ్వేం చెప్పక్కర్లేదు. నేనలా చేసే తెచ్చుకున్నా. తప్పంటావా?"

"అననొదినా," అంది కాజాలక్క.

కానీ ఆమె వల్ల కాలేదు. పిల్లకు ఎప్పటిలాగే అన్నం పెట్టింది. ఎప్పటిలాగే పడుకోబెట్టింది. ఒక్కటి మాత్రం చేసింది: ప్రశ్నలు మానేసింది. అయిదేళ్లలో మొదటిసారి కాజా తర్వాత కాజా మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయాయి. బల్ల కింద నుంచి పిల్ల దారం తెగిన చప్పుడు విని తల బయటికి పెట్టేది. తల్లి చేతి వైపు చూసేది. "ఎరుపు," అనేది.

"వద్దమ్మా. చెప్పొద్దు."

"మూడు."

"గుండీ, నీకు దండం పెడతాను. చెప్పొద్దు."

కాజాలక్క పీట తిప్పుకుని గోడ వైపు కూర్చుంది. మాస్టరు కత్తెర ఆపి చూశాడు. ఇస్త్రీ అబ్బాయి మాత్రం ఉండబట్టలేకపోయాడు. "అయిదేళ్లు చెప్పు చెప్పు అని చంపావు, ఇప్పుడు చెప్పొద్దని చంపుతున్నావు. అదేం చేస్తుందక్కా పాపం?"

ఇంట్లో భర్త మాత్రం ఒక్కటే అడిగాడు. "నువ్వు అడక్కపోయినా చెప్తోందా?"

"చెప్తోంది."

"ఎదురుగా ఏదీ చూపించకపోయినా?"

"ఊఁ."

ఆయన యూనిఫారం చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ఆమె ఆలోచించలేదు. ఆలోచించే ఓపికను అప్పటికి ఎక్కడో పెట్టి మర్చిపోయింది.

చివరి బుధవారం పెద్ద డాక్టరు గది. పెద్దావిడ, తెల్లజుట్టు, తొందర లేని మనిషి. తలుపు లోపలి నుంచి గడియ వేయించింది. కాజాలక్క కుర్చీలో కూర్చుని, పరీక్ష మొదలవకముందే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. కంగారుపడి చప్పట్లో సైగో చేస్తానేమోనని ఆమె భయం.

"ఈ రంగేమిటమ్మా?"

గుండీ అట్ట వైపు చూడలేదు. తల్లి ఒళ్లోకి చూసింది. అక్కడ చేతులు లేవు.

"చెప్తావా? ఏ రంగిది?"

పిల్ల ఎదురుచూసింది. డాక్టరు ఇంకో అట్ట తీసింది. ఇంకోటి. నాలుగు ప్రశ్నలు అయ్యాయి. నాలుగు అడ్డగీతలు. అయిదేళ్ల కిందట తల వంచుకునేలా చేసిన ఆ చప్పుడే ఇప్పుడు కాజాలక్కకు ఒక్కో మెట్టు ఎక్కుతున్నట్టుంది. ఇంకా ఎనిమిది. ఈ ఎనిమిదీ ఇలాగే గడిస్తే చాలనుకుంది.

అప్పుడు గుండీ కుర్చీలోంచి లేచింది. తల్లి ముందుకు వచ్చి, ఆమె తొడ కింద చెయ్యి దూర్చి, కుడిచేతిని బయటికి లాగింది. లాగి ఒళ్లో పెట్టింది. బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరికి చేర్చి, సూది పట్టుకున్నట్టు అమర్చింది. మళ్లీ తన కుర్చీలోకి వెళ్లి బుద్ధిగా కూర్చుంది.

డాక్టరు పెన్సిలు కింద పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

అబద్ధం ఏదైనా తట్టి ఉంటే చెప్పేదేమో. ఏదీ తట్టలేదు. కాజాల సంగతీ, పన్నెండు ప్రశ్నల సంగతీ, బల్ల సంగతీ అన్నీ చెప్పేసింది. పెద్దావిడ అంతా విని, "సరే. కుట్టండి," అంది.

"ఏం కుట్టమంటారు?"

"రోజూ కుట్టినట్టే. ఊరికే చెయ్యి ఆడించండి."

కాజాలక్క లేని కోటు మీద లేని సూదితో ముళ్లు వేసింది. దారం తెంపినట్టు చెయ్యి నోటిదాకా తీసుకెళ్లింది. డాక్టరు మొదటి ప్రశ్న అడగలేదు. గొడుగు అట్ట చూపించి, "వాన పడితే ఏం పట్టుకుంటావు?" అంది.

"ఎరుపు," అంది గుండీ.

చెయ్యి మళ్లీ నోటిదాకా వెళ్లింది.

"దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి వెళ్తావు?"

"మూడు."

కుక్క బొమ్మకు నీళ్లు అంది. మంచం బొమ్మకు గొడుగు అంది. పెద్దావిడ మధ్యలోనే ఆపేయవచ్చు. ఆపలేదు. పన్నెండు కాజాలూ కుట్టనిచ్చింది, పన్నెండు మాటలూ చెప్పనిచ్చింది. పిల్ల ఒక్క మాటా వరస తప్పలేదు. చివరన ఎర్ర అట్ట చూపించి ఏ రంగని అడిగితే, "అమ్మ దగ్గరికి," అంది. అని, తల్లి వైపు చూసింది. ఎప్పుడూ అప్పుడు తల్లి బాగా చెప్పావంటుంది కదా.

"బాగా చెప్పావు," అంది కాజాలక్క.

తర్వాత డాక్టరు మిగతా అట్టలన్నీ ఓపిగ్గా చూపించింది. అవి చాలా ఉన్నాయి. వాటిలో గుండీలు మాత్రం లేవు.

కిటికీలోంచి గుమాస్తా కాగితం ఇచ్చాడు. డెబ్బై మూడు. "అయిపోయిందిగా! ఇక చోటు మీదే. ఇప్పటికైనా కాస్త నవ్వండమ్మా."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు మెట్ల దగ్గర నిలబడింది. రాలేదు. పక్కన పిల్ల మెట్ల కమ్మీని ఆడిస్తోంది.

బస్సులో భర్త అద్దంలోంచి కనుబొమలెగరేశాడు. ఆమె తలూపింది. ఆయన మొహంలో నవ్వు కనబడింది. ఆ అద్దంలో ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో. గదిలో ఏం జరిగిందో ఆ పూటా చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. బహుశా ఆయనకు ముందే తెలుసు.

కేంద్రంలో చేర్చేటప్పుడు ఒక ఫారం నింపాలి. అందులో ఒక గడి, బిడ్డకు వచ్చిన పనులు అని. వారం కిందటైతే ఆ గడి చాలక వెనక వైపు కూడా రాసేది. ఇప్పుడు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "గుండీలు వేరుచేస్తుంది" అని రాసింది. రేకు డబ్బా కూడా తెచ్చింది. కేంద్రం ఆయమ్మ డబ్బా తెరిచి చూసి తిరిగి ఇచ్చేసింది. "చిన్న వస్తువులు వద్దండీ. పిల్లలు మింగేస్తారు."

"ఇది మింగదమ్మా."

"ఇది మింగదు. పక్కవాళ్లు మింగుతారు."

అదీ నిజమే.

ఆ రోజు దుకాణంలో కటింగ్ బల్ల కింద ఎవరూ లేరు. ఇస్త్రీ అబ్బాయి అలవాటు కొద్దీ పెట్టెను ఎడంగా తిప్పుకుని వెళ్తున్నాడు. కాజాలక్క భోజనం వేళకే ఒక కోటు పూర్తిచేసి రెండోది ఒళ్లోకి తీసుకుంది. "చెయ్యి బాగా ఆడుతోందే ఇవాళ," అన్నాడు మాస్టరు. ఆడుతోంది. దారం తెంపిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతోంది, అంతే. ఆ ఆగడం కూడా నాలుగు రోజుల్లో పోతుందని ఆమెకు తెలుసు.

అయిదింటికి ఆయమ్మ పిల్లను గుమ్మం దాకా తీసుకొచ్చింది. "ఏం అల్లరి లేదండీ. బంగారం. కానీ పొద్దున్నుంచీ మా అందరి చేతుల్లోకే చూస్తోంది. ఏమైనా కావాలా దానికి?"

"ఏం వద్దమ్మా. అలవాటవుతుంది."

బస్సు స్టాపులో గుండీ తల్లి చెయ్యి పట్టుకుంది. వేళ్లు దగ్గరికి చేర్చి అమర్చింది. భర్త బస్సు వచ్చింది. ముందు సీట్లో కూర్చున్నారు. కాజాలక్క చెయ్యి కదిలించింది. నోటిదాకా తీసుకెళ్లి దారం తెంపింది.

"ఎరుపు," అంది గుండీ.

పన్నెండూ అయ్యేసరికి వాళ్లు దిగాల్సిన స్టాపు వచ్చింది.